మావారు వినే పాటల్లో మాటలే ఉండవు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నాలుగు పేజీలుంది. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. కుదించి చెబుతాను.

రాసినావిడకి నలభై రెండేళ్లు. ఇంటి నుంచే అకౌంట్ల పని చేస్తారు. పగలంతా కంప్యూటరూ తనూ, పలకరించే మనిషి ఉండరు. భర్తది ఇందుకు పూర్తిగా ఎదురు. రెండేళ్ల కిందట ప్రమోషన్ వచ్చినప్పటి నుంచి పొద్దున లేస్తే ఫోన్లు, మీటింగులు, ఎవరో ఒకరికి సర్దిచెప్పడాలు. ఇదివరకు రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చుని ఆ రోజు సంగతులు చెప్పుకునేవారు. ఇప్పుడు ఆయన పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కుర్చీ వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంటారు. రోజూ గంటన్నర. వినేది నిదానంగా నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం, అందులో ఫంక్, జాజ్, హిప్ హాప్ కలిసి ఉంటాయి. 'డౌన్‌టెంపో అంటారు దీన్ని' అని ఒకసారి చెప్పారట. అంతకుమించి ఏమీ లేదు.

ఒక రాత్రి ఆయన ఫోనొచ్చి బయటికి వెళ్తే, ఈవిడ ఆ హెడ్‌ఫోన్స్ తీసి చెవులకి పెట్టుకున్నారు. "ఒక డ్రమ్ము, దాని కింద గుంయ్ మంటూ బేస్. మధ్యలో ఎవరిదో మగ గొంతు ఒకే ముక్క మళ్లీ మళ్లీ అంటోంది. వీటన్నిటి మీదా సన్నగా చిటపటలు. వైరు పాడైందేమోనని కదిపి చూశాను. ఐదు నిమిషాలు విన్నా అందులో ఏమీ జరగలేదు" అని రాశారు.

అసలు గొడవ తర్వాత వచ్చింది. ఆడపడుచు వచ్చినప్పుడు "అన్నయ్య అంతలా ఏం వింటుంటాడు వదినా?" అని అడిగింది. ఈవిడ నోరు తెరిచేలోగా ఆయనే అందుకుని "మీ వదినకి చెప్పినా అర్థం కాదులే" అన్నారు. ఈవిడ చిన్నప్పుడు తొమ్మిదేళ్లు గాత్రం నేర్చుకున్న మనిషి. పెళ్లయ్యాక మానేశారు, అది వేరే సంగతి. కోపం వచ్చి "అదీ ఒక సంగీతమేనా, లిఫ్టులో వేసే మోత" అని తిరిగి అనేశారు. ఆడపడుచు నవ్వింది. ఆయన నవ్వలేదు. మూడు వారాలుగా ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు.

ఇక ఆవిడ ప్రశ్నలు. ఇది వ్యసనమా? నా నుంచి తప్పించుకోవడానికా? మానేయమని అడగనా, లేక నచ్చకపోయినా నేనే అలవాటు చేసుకోనా?

అమ్మా, వ్యసనం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అది తేలిక. పిల్లాడు పిలిస్తే హెడ్‌ఫోన్స్ తీసేస్తారని మీరే రాశారు. పదకొండున్నరకి పడుకుంటారనీ, పొద్దున వేళకి లేస్తారనీ కూడా రాశారు. నిద్రా ఉద్యోగమూ చెడనప్పుడు, ఆపమంటే ఆపగలిగినప్పుడు, దాన్ని వ్యసనం అనలేం. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినొచ్చు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. మీవారు వినేది వారానికి పదిన్నర గంటలు. అంటే 86 దాటించి వింటుంటే హద్దు మీరినట్టే. చాలా ఫోన్లలో హెడ్‌ఫోన్స్ చప్పుడు ఎన్ని డెసిబెల్సో చూపే మీటర్ ఉంటుంది, ఆయన్నే చూసుకోమనండి. భార్య పాటల మీద కోపంతో అంటోందనుకోకుండా ఆయన వినగలిగే సలహా బహుశా ఇదొక్కటే.

ఇక మిమ్మల్ని తప్పించుకోవడం. మీ ఉత్తరం మొదటి పేజీలో ఒక సంగతి రాసి, దాన్ని అక్కడే వదిలేశారు. ఆయన పగలంతా మాటలతో బతుకుతారు. మీరు పగలంతా మాటల్లేకుండా గడుపుతారు. రాత్రి పదింటికి ఆయనకి ఏ మాటా వద్దు, మీకు మాటే కావాలి. ఆయన ఎంచుకున్న సంగీతం చూడండి, అందులో చాలావరకు సాహిత్యమే ఉండదు. ఎవరైనా మాట్లాడినా అది పాత రికార్డు నుంచి కోసి తెచ్చిన ముక్క, దానికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. రోజంతా జవాబులు చెప్పిన మనిషికి అది ఎంత హాయో నేను ఊహించగలను. ఆయన పారిపోతున్నది మాటల నుంచి అయ్యుండొచ్చు. ఆ వేళకి ఇంట్లో మాట్లాడే మనిషి మీరొక్కరే కాబట్టి ఆ దెబ్బ మీకు తగులుతోంది. నొప్పి ఏమీ తగ్గదు, ఒప్పుకుంటాను. కానీ మందు మారుతుంది.

"ఏమీ జరగలేదు" అన్నారే, ఆ మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఈ సంగీతం నేనూ వింటాను కాబట్టి ఆ స్వార్థం కొంత ఉంది.

మీరు విన్న చిటపటలు వైరువి కావు. అవి పాత గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు నడిచే చప్పుడు. కావాలనే ఉంచుతారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ దగ్గర పుట్టిన పోర్టిస్‌హెడ్ బృందం 1994లో 'డమ్మీ' అనే ఆల్బమ్ చేసినప్పుడు, తాము స్టూడియోలో వాయించిన దాన్నే రికార్డుగా అచ్చు వేయించి, ఆ రికార్డులని నేల మీద పడేసి తొక్కి, అరగదీసి, మళ్లీ అందులోంచే ముక్కలు తీసుకున్నారు. కొత్త సంగీతానికి పాత దుమ్ము పట్టించడం కోసం ఇంత శ్రమ! మీరు వైరు కదిపి చూశారని వింటే వాళ్లు సంతోషించేవారు.

ఈ పద్ధతి మొదలైంది హిప్ హాప్‌లో. పాత ఫంక్, జాజ్ రికార్డుల్లో అందరూ ఆగిపోయి డ్రమ్మర్ ఒక్కడే వాయించే చోటు ఒకటి ఉంటుంది, కొన్ని సెకన్లు. ఆ ముక్కని కోసి, తోకకి తల అతికించి, ఆగకుండా తిప్పుతారు. అదే లూప్. ఇలాంటి ముక్కలని దాచుకుని తిరిగి వాయించే యంత్రాల్లో, 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే దానిలో మొత్తం 10 సెకన్ల శబ్దమే పట్టేది. ఆ చోటు చాలక, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డుని 45 చుట్ల మీద పెట్టి త్వరత్వరగా ఎక్కించుకుని, యంత్రంలో మళ్లీ నెమ్మది చేసేవారు. ఆ తిప్పలో శబ్దం కాస్త గరుకుబారింది. ఆ గరుకే తర్వాత అందరూ కోరి తెచ్చుకునే రుచి అయింది. నెమ్మది చేసిన డ్రమ్ముల మీద జమైకా వాళ్లు వీధి పార్టీల్లో పెట్టే పెద్ద స్పీకర్ల సౌండ్ సిస్టమ్‌ల బరువైన బేస్, జాజ్ పియానో, సోల్ గొంతు చేరాయి. బ్రిస్టల్ వాళ్లే అయిన మాసివ్ అటాక్ బృందం 1991లో 'బ్లూ లైన్స్' అనే ఆల్బమ్ తెచ్చింది. లండన్‌లో నింజా ట్యూన్ అనే రికార్డు కంపెనీ, లీడ్స్‌లో నైట్‌మేర్స్ ఆన్ వాక్స్ అనే బృందం, వియన్నాలో క్రూడర్, డోర్ఫ్‌మైస్టర్ అనే జంట, వాషింగ్టన్‌లో థీవరీ కార్పొరేషన్ అనే ఇంకో జంట - 1990లలో ఎక్కడికక్కడ ఈ పంట పండింది. పత్రికల వాళ్లు ట్రిప్ హాప్ అని పేరు పెట్టారు. పెట్టించుకున్నవాళ్లలో చాలామందికి ఆ పేరు గిట్టదు.

గాత్రం నేర్చుకున్న చెవి పాట ఎటు వెళ్తుందో చూస్తుంది. పల్లవి నుంచి అనుపల్లవికి ఎక్కాలి, సంగతి మీద సంగతి పడాలి, చరణం దాకా వెళ్లి తిరిగి పల్లవికి చేరాలి. ఆ చెవితో వింటే ఈ సంగీతం నిజంగానే ఎక్కడికీ వెళ్లదు. వెళ్లాలని దానికీ లేదు. కానీ కచేరీ మొత్తం తంబురా ఒకే శ్రుతి పట్టుకుని ఉంటే 'ఇందులో ఏం జరుగుతోంది' అని మీరు ఎన్నడూ అడగలేదు కదా? ఇక్కడ లూప్‌ది దాదాపు ఆ పనే. అది కదలకుండా ఉంటుంది కాబట్టి దాని మీద వచ్చేవీ పోయేవీ తెలుస్తాయి. ఒక ట్రంపెట్ వచ్చి రెండు స్వరాలు పలికి తప్పుకుంటుంది. బేస్ ఒక్క ఆవర్తనం ఆగిపోతుంది, అది ఆగాక గానీ అప్పటిదాకా ఉందని మనం గమనించం. ఈ రాకపోకలే ఇందులో కథ.

మీకు ఇంకో వీలు కూడా ఉంది, అది మీవారికి ఉండకపోవచ్చు. మీకు తాళం తెలుసు. ఈ పాటలు ఎక్కువగా నాలుగు దెబ్బల చొప్పున నడుస్తాయి. రెండు నాలుగులు కలిపితే మీ ఆదితాళం ఎనిమిది అక్షరాలు వస్తాయి. నిమిషానికి 90 దెబ్బల నడక అయితే ఒక ఆవర్తనం సుమారు ఐదు సెకన్లు. చేత్తో తాళం వేస్తూ వినండి. రెండో దెబ్బ మీదా, నాలుగో దెబ్బ మీదా ఠక్ మని పడుతుందే, అది స్నేర్ డ్రమ్. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి: అది మీ చేతితో పాటు పడుతోందా, లేక వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోందా? మంచి వాళ్ల దగ్గర తరచుగా ఆలస్యంగానే పడుతుంది. డెట్రాయిట్‌కి చెందిన జే డిల్లా అనే ఆయన, యంత్రం దెబ్బలని గీత గీసినట్టు సరిచేసే ఏర్పాటుని పక్కన పెట్టి, వేళ్లతో కొట్టినదాన్ని చాలాసార్లు కొట్టినట్టే ఉంచేవాడు. ఆ చిన్న వెనకబాటే వినేవాడి భుజాలు జారవిడిచేలా చేస్తుంది. మీ గురువుగారు దీన్ని లయ తప్పడం అనేవారేమో. తప్పి మళ్లీ మళ్లీ అక్కడే తప్పడం కూడా ఒక లయే.

ఇంతా చెప్పి, మీరు కోపంలో అన్న మాటని మాత్రం పూర్తిగా కొట్టిపారేయను. 1990ల చివరికొచ్చేసరికి ఈ సంగీతం హోటళ్ల లాబీల్లోకీ, కాఫీ షాపుల్లోకీ చేరి గోడకి వేసిన రంగులా అయిపోయింది. ఎవరూ వినకపోయినా మోగుతూ ఉండటం దాని ఉద్యోగమైంది. ఇందులో సగానికి సగం బద్ధకపు సరుకే: ఒక డ్రమ్ము ముక్క, పైన రెండు పియానో మెట్లు, నాలుగు నిమిషాలు, సరి. మీరు విన్న ఐదు నిమిషాలు ఆ సగంలోవి అయ్యుండొచ్చు కూడా. మీ తీర్పు తప్పని నేననను. ఐదు నిమిషాలకే ఇచ్చేశారని మాత్రం అంటాను. అసలు ఆ తీర్పు ఆడపడుచు ముందు రావడమే చెడ్డది. ఆయన మాట కూడా ఆవిడ ముందే వచ్చింది కాబట్టి లెక్క సమానమని మీరు అనొచ్చు. ఇంట్లో అలాంటి లెక్కలు తేలవు.

"చెప్పినా అర్థం కాదు" అన్న మాటని పాటల నుంచి వేరుచేయండి. రేపు ఆయన ఈ పాటలన్నీ మానేసినా ఆ మాట అలాగే ఉంటుంది. ఎదురుగా నేనే కూర్చుని ఉంటే, మీరు మానేసిన గాత్రం గురించి కూడా కాస్త మొహమాటపడుతూనే అడిగేవాణ్ని. "ఇప్పుడు గొంతు పలకదు" అని ఒక్క ముక్క రాశారు. సంగీతం వదిలేసిన మనిషి ఇంట్లో ఇంకొకరు ప్రతి రాత్రీ సంగీతంతో కూర్చుంటే, మనసులో ఏదో గుచ్చుకోవడం వింత కాదు. ఆ కోపంలో కొంత భాగం ఆయనకి చెందనిది అయ్యుండొచ్చు. కాకపోవచ్చు కూడా. మీకే తెలియాలి.

ఇక మీ ముందున్న దారులు.

మానేయమని అడగొచ్చు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆయన గొడవ ఎందుకని మానేసే మనిషే. కానీ ఆ గంటన్నర నేరుగా మీ చేతికి రాదు. ఫోను చూస్తూ కూర్చుంటారు, లేదా తొందరగా పడుకుంటారు. అప్పుడు మీకు మాటలూ దొరకవు, ఆయనకి విశ్రాంతీ ఉండదు. 'నీ కోసం మానేశాను' అన్న బాకీ మాత్రం ఇంట్లో మిగులుతుంది. ఈ దారి నాకు అన్నిటికన్నా నచ్చనిది.

హెడ్‌ఫోన్స్ తీసి స్పీకర్లలో పెట్టమనొచ్చు. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఒక చిక్కుంది. రాత్రిపూట పిల్లాడు చదువుకుంటుంటే చిన్నగా పెట్టాలి. చప్పుడు తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ని సరిగా పట్టుకోలేదు, ఎవరి చెవైనా అంతే. బేస్ పోతే ఈ సంగీతంలో మిగిలేది మీరన్న లిఫ్టు మోతే. ఆయన అసంతృప్తిగా వింటారు, మీరు అయిష్టంగా వింటారు. సెలవు రోజు మధ్యాహ్నం కాస్త పెద్దగా పెట్టుకునే వీలుంటే మాత్రం ఈ దారి మంచిదే. అప్పుడు అది ఆయన ఏకాంతాన్ని లాక్కున్నట్టు ఉండదు, కొత్తగా ఒక పూట కలిపినట్టు ఉంటుంది.

ఆ గంటన్నరని ఆయనకే వదిలేసి, మీకు కావలసిన మాటల కోసం వేరే వేళ అడగొచ్చు. భోజనానికి ముందో, పొద్దున కాఫీ దగ్గరో, అరగంట. నా మొగ్గు ఇటే. దీనివల్ల మీరు కొంత పోగొట్టుకుంటారు, దాచను. రాత్రి తీరిగ్గా సాగే కబుర్లు వేరు, గడియారం చూసుకుంటూ చెప్పుకునేవి వేరు. మొదట్లో ఆ అరగంట మరో మీటింగులా అనిపించి మీకే చికాకు రావచ్చు. ఒక నెల పోనివ్వండి. అప్పటికీ ఆయన దాన్ని తప్పించుకుంటూనే ఉంటే, సమస్య హెడ్‌ఫోన్స్‌లో లేదని మీ ఇద్దరికీ తెలిసిపోతుంది. అది తెలియడం మీకు భయంగా ఉందా? ఉంటే, పాటల మీద కోపం ఎందుకంత తేలిగ్గా వచ్చిందో కూడా ఒకసారి ఆలోచించండి.

నాలుగోది, మీరే విని చూడటం. ఆయన్ని గెలవడానికి మాత్రం వద్దు. 'చూశారా, నాకూ అర్థమైంది' అని చెప్పడానికి వింటే, మీ ఇద్దరి మధ్యా అదొక పరీక్ష అవుతుంది, ఆయన కష్టమైన ప్రశ్నలు వెతుకుతారు. వింటే మీ కోసం, పగటి పూట, మీ హెడ్‌ఫోన్స్‌లో వినండి. అంకెల పని చేస్తూ కాదు, పని ఆపి. పాడే మనిషి కాబట్టి గొంతున్న చోట మొదలుపెట్టమంటాను. ఇందాక చెప్పిన 'డమ్మీ'లో బెత్ గిబ్బన్స్ పాడుతుంది. సినిమాటిక్ ఆర్కెస్ట్రా అనే బృందం 2002లో తెచ్చిన 'ఎవ్రీ డే'లో ఫోంటెల్లా బాస్ అనే పాతతరం సోల్ గాయని పాడింది. 1965లోనే పేరు తెచ్చుకున్న గొంతు, ముప్పై ఏడేళ్ల తర్వాత ఎలా పలికిందో వినండి. గొంతు పలకదని రాసిన మీకు అది పనికొస్తుందనే చెబుతున్నాను. ఒకే పాటని మూడుసార్లు వినండి. ఒకసారి బేస్ వెంట మాత్రమే వెళ్లండి, ఇంకోసారి డ్రమ్ము వెంట, మూడోసారి ఏది ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతోందో చూడండి. అప్పటికీ ఏమీ జరగకపోతే ఇది మీకు పడని సంగీతం. అందులో తప్పేమీ లేదు. భర్తకి నచ్చినవన్నీ నచ్చి తీరాలని ఎవరూ రాసివ్వలేదు. నచ్చనిదాన్ని నచ్చినట్టు నటించడం మాత్రం వద్దు, అది రెండు వారాల్లో బయటపడుతుంది.

ఒకవేళ ఏదైనా పట్టుకుంటే ఒక సరదా పని ఉంది. ఈ లూపుల్లో చాలా వాటికి ఆధారం ఒకే స్వరం, అటూ ఇటూ కదలదు. దాని మీద మెల్లగా ఏ రాగమైనా కూనిరాగం తీయొచ్చు. హార్మోనియంతో సరిచూడబోతే మాత్రం కుదరకపోవచ్చు, రికార్డు వేగం మార్చినందువల్ల శ్రుతి రెండు మెట్ల మధ్య ఎక్కడో పడి ఉంటుంది. గొంతుకి ఆ ఇబ్బంది లేదు, వెళ్లి అక్కడే నిలబడుతుంది. ఆయన వినేలా పాడతారో, తలుపు వేసుకుని పాడతారో మీ ఇష్టం. పాడకపోయినా మీ ఇష్టమే.

ఏ దారి పట్టినా ముందు ఆ మూడు వారాల మౌనం తీరాలి. దానికి హెడ్‌ఫోన్స్ చెవికెక్కాక వెళ్లి భుజం తట్టకండి, ఆ క్షణంలో ఎవరైనా విసుక్కుంటారు. భోజనం అయ్యాక, ఇద్దరూ గిన్నెలు సర్దుతున్నప్పుడు చెప్పండి. "ఆ రోజు మీ చెల్లెలి ముందు మీరన్న మాట నాకు బాధేసింది. నేనన్నదీ బాగాలేదు. పాటలు మానమని అడగడం లేదు" - ఇంతే. వెంటనే జవాబు ఆశించకండి. పగలంతా మాటలు ఖర్చుపెట్టి వచ్చిన మనిషి, ఆ రాత్రికి తలూపి ఊరుకోవచ్చు. ఒకట్రెండు రోజులు చూడండి. అప్పటికీ ఏమీ అనకపోతే మళ్లీ రాయండి. ఈసారి పాటల సంగతి పక్కన పెట్టి, మీ ఇద్దరి సంగతి మాట్లాడుకుందాం.